జాతరలో టాయిలెట్లు, నీళ్లు, గోలీలు: దక్షిణ తెలంగాణ కలెక్టర్లకు, జాతర కమిటీలకు బహిరంగ లేఖ

నల్లగొండ, సూర్యాపేట, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, జోగులాంబ గద్వాల జిల్లాల కలెక్టర్లకు, దేవాదాయ శాఖ, వైద్య ఆరోగ్య శాఖ అధికారులకు, మన జాతర కమిటీల పెద్దలకు నమస్కారం.

సూర్యాపేట దగ్గర దురాజ్‌పల్లి పెద్దగట్టు మీద రెండేండ్లకోసారి జరిగే లింగమంతుల స్వామి జాతర మళ్లీ 2027లో వస్తుంది. ఆ మరుసటి ఏడే, 2028లో, కృష్ణా పుష్కరాలు. ఈ రెండింటి ఏర్పాట్ల మీద మీటింగులు మొదలయ్యేలోపే ఒక విషయం మీ ముందు పెట్టాలని ఈ ఉత్తరం రాస్తున్నాను. రోడ్లు, పార్కింగు, క్యూలైన్లు, లైటింగు, బందోబస్తు, హైవే మీద ట్రాఫిక్ మళ్లింపు, వీటి మీద చర్చకు కొదవ ఉండదు. అన్ని లక్షల మంది మలమూత్రాలు చివరికి ఎక్కడికి పోతాయన్న ప్రశ్న మాత్రం ఎజెండాలో ఆఖరున ‘పారిశుధ్యం’ అన్న ఒక్క మాటతో ముగిసిపోతుంది. మందులకు లొంగని బ్యాక్టీరియా ఒకరి నుంచి ఇంకొకరికి చేరే దారి సరిగ్గా అక్కడే ఉంది.

నేను ల్యాబ్ టెక్నీషియన్‌ని. మూత్రం, చీము, రక్తం శాంపిళ్లలో ఏ క్రిమి ఉందో, అది ఏ మందుకు చస్తుందో చూసి రిపోర్టు రాయడం నా పని. లింగమంతుల స్వామి మా ఇంటి దేవుడు. గజ్జెల లాగులు, భేరీల మోత, ‘ఓ లింగా’ అంటూ గట్టెక్కే జనం, ఇవన్నీ నాకు పుట్టింటి సంగతులంత దగ్గర. జాతరలు తగ్గించండని అడగడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. జాతర బాగా జరగాలి, పోయినవాళ్లు ఆరోగ్యంగా తిరిగి రావాలి. అందుకే రాస్తున్నాను.

మా పని ఎట్లా ఉంటుందో కొంచెం చెబుతాను, అప్పుడు మిగతా విషయం అర్థమవుతుంది. మూత్రం శాంపిల్ రాగానే అందులోంచి కొంచెం తీసి ప్లేటు మీద గీసి, రాత్రంతా 37 డిగ్రీల వేడిలో ఇంక్యుబేటర్‌లో పెడతాం. పేగుల్లో ఉండే ఈ.కోలై అనే బ్యాక్టీరియా ఆ మూత్రంలో ఉంటే తెల్లారేసరికి గులాబీ రంగు చుక్కలు లేస్తాయి. వాటిలో ఒకటి రెండు తీసి ఇంకో ప్లేటు నిండా పూసి, పైన యాంటీబయాటిక్ పట్టించిన చిన్న కాగితపు బిళ్లలు ఎడం ఎడంగా పెడతాం. మందు పనిచేస్తే మర్నాడు ఆ బిళ్ల చుట్టూ గుండ్రంగా ఖాళీ కనిపిస్తుంది. దాన్ని స్కేలుతో కొలుస్తాం. మందు పనిచేయకపోతే క్రిములు బిళ్ల అంచు దాకా వచ్చి, దాన్ని ఆనుకుని దట్టంగా పెరిగి ఉంటాయి. లొంగితే ‘ఎస్’ అని, లొంగకపోతే ‘ఆర్’ అని రాస్తాం. ఆంపిసిలిన్ ఆర్. సిప్రోఫ్లాక్సాసిన్ ఆర్. సెఫిక్సిమ్ ఆర్. సెఫ్ట్రియాక్సోన్ ఆర్. కో-ట్రైమాక్సజోల్ ఆర్. ఇట్లా పైనుంచి కిందికి వరసగా ఆర్‌లు రాసుకుంటూ పోయి, ఎక్కడో నైట్రోఫ్యురాంటోయిన్ దగ్గరో ఆమికాసిన్ దగ్గరో ఒక ఎస్ కనబడితే ప్రాణం లేచి వస్తుంది. కొన్ని రిపోర్టుల్లో మెరోపెనెమ్ ఎదురుగా కూడా ఆర్ ఉంటుంది. మెరోపెనెమ్ అంటే ఐసీయూలో మిగతావన్నీ అయిపోయాక ఎక్కించే మందు. అది కూడా లొంగదీయలేకపోతే కొలిస్టిన్ లాంటివి మిగులుతాయి. కిడ్నీలు ఏమవుతాయోనన్న టెన్షన్‌తోనే డాక్టర్లు దాన్ని వాడతారు.

ఇట్లాంటి రిపోర్టులు ఐసీయూలో ఉన్నవాళ్లవే అనుకోకండి. నాటుకు పోయే ఆడమనిషివి, హాస్టల్ పిల్లవి, షుగర్ ఉన్న ముసలాయనవి కూడా ఉంటాయి. ప్రపంచవ్యాప్తంగా 2019 ఒక్క ఏడాదిలోనే మందులకు లొంగని బ్యాక్టీరియా నేరుగా 12.7 లక్షల ప్రాణాలు తీసిందని 2022లో లాన్సెట్‌లో వచ్చిన అధ్యయనం లెక్కగట్టింది.

దీనికీ జాతరకూ సంబంధం ఏమిటని మీరు అడగవచ్చు.

మందుకు లొంగని క్రిమి కడుపులో ఉన్నంత మాత్రాన జబ్బు రాదు. ఈ.కోలై, క్లెబ్సియెల్లా లాంటివి మన పేగుల్లో నెలల తరబడి ఊరికే ఉండగలవు. ఆ మనిషి తింటాడు, తిరుగుతాడు, మొక్కు చెల్లిస్తాడు, తనలో అది ఉన్నట్టు తనకే తెలియదు. అది మలంతో బయటికి వచ్చి నీళ్లలోనో చేతుల మీదనో తిండిలోనో కలిసి ఇంకో మనిషి కడుపులోకి చేరుతుంది. ఇంకో చిక్కు కూడా ఉంది. మందును ఓడించే ఆ శక్తి చాలాసార్లు ప్లాస్మిడ్ అనే చిన్న డీఎన్‌ఏ ముక్కలో ఉంటుంది. పెండ్లికి పోయేటప్పుడు పక్కింటివాళ్ల నగ అడిగి పెట్టుకున్నట్టు, ఒక బ్యాక్టీరియా ఆ ముక్కను పక్కనున్న ఇంకో జాతి బ్యాక్టీరియాకు కూడా ఇవ్వగలదు. పది జిల్లాల మనుషుల కడుపుల్లోని క్రిములు ఒకే కుంటలో, ఒకే కోనేట్లో, ఒకే బురదలో కలిస్తే ఏం జరుగుతుందో ఊహించడానికి పెద్ద చదువు అక్కర్లేదు.

ఊహించాల్సిన పని కూడా లేదు, గంగ మీద కొలిచి చూశారు. ఐఐటీ ఢిల్లీ, ఇంగ్లండ్‌లోని న్యూకాజిల్ యూనివర్సిటీ శాస్త్రవేత్తలు కలిసి రిషికేశ్, హరిద్వార్‌ల దగ్గర ఎగువ గంగ నీళ్లను పరీక్షించి 2014లో ఫలితాలు ప్రచురించారు. మెరోపెనెమ్ లాంటి మందులను పనిచేయకుండా చేసే ఎన్‌డీఎం-1 అనే జన్యువు యాత్రికులు పోటెత్తే మే, జూన్ నెలల్లో మిగతా కాలం కంటే దాదాపు 60 రెట్లు ఎక్కువ కనిపించింది. హిమాలయాల్లోంచి దిగిన నది అది. పైన పెద్ద ఫ్యాక్టరీలు లేవు, పెద్ద ఆసుపత్రులు లేవు. నీళ్లలో మలం ఆనవాళ్లు ఎంత పెరిగితే ఆ జన్యువు కూడా అంత పెరిగిందని వాళ్లు తేల్చారు. రోజూ ఉండే జనానికి సరిపడా కట్టిన మురుగు ఏర్పాటు ఒక్కసారిగా వచ్చిపడిన జనానికి చాలకపోవడమే దీనికి మూలమని, తీర్థ స్థలాల్లో మలమూత్రాలను శుద్ధి చేయగలిగితే ఈ వ్యాప్తిని అక్కడే చాలావరకు ఆపవచ్చని చెప్పారు. ఆ పరిశోధన మొత్తంలో నాకు అన్నిటికంటే ముఖ్యంగా అనిపించింది ఈ చివరి మాటే. ఎందుకంటే అది మన చేతిలో ఉన్న పని.

ఇప్పుడు మన గట్టు సంగతి. మనిషి రోజుకు సగటున 200 గ్రాముల మలం విసర్జిస్తాడనుకుంటే లక్ష మందికి రోజుకు 20 టన్నులు. ఒక్క గ్రాములో ఈ.కోలై కోట్లలో ఉండవచ్చు. తెలంగాణలో మేడారం తర్వాత అంతటి జాతర మాదేనని మనం గర్వంగా చెప్పుకుంటాం. ఐదు రోజుల్లో వచ్చే లక్షలకు లెక్క మీరే కట్టండి. సగం మంది కొన్ని గంటలే ఉండి పోతారనుకున్నా, మిగిలేది లారీల లెక్కలో ఉంటుంది. ఇందులో ఎంత టాయిలెట్లలోకి పోయింది, ఎంత చుట్టుపక్కల చెలకల్లో, కాలువ గట్ల మీద ఉండిపోయింది? టాయిలెట్ల కింది ట్యాంకులు నిండాక ఏ ట్యాంకర్ వచ్చి తోడింది, ఎక్కడ పారబోసింది? ట్యాంకర్ డ్రైవర్‌కు దూరం పోతే డీజిల్ దండగ. చూసేవాడు లేకపోతే దగ్గర్లోని ఏదో ఒక వాగులో పైపు వదిలేస్తాడు. వేలల్లో టాయిలెట్లు కట్టామని పేపర్లో వస్తే సంతోషమే. అయితే టాయిలెట్‌తో పని సగమే అయినట్టు. ఎక్కిన ప్రతి ట్యాంకర్ లోడు మున్సిపాలిటీ మలవ్యర్థాల శుద్ధి కేంద్రానికి చేరినట్టు చీటీ ఉండాలి, ఆ చీటీ చూపిస్తేనే కాంట్రాక్టర్‌కు బిల్లు పాస్ కావాలి.

టాయిలెట్ల గురించి ఇంకొంచెం చెప్పాలి, ఇది ఆడవాళ్ల బాధ కాబట్టి. జాతరకు పోయే ఆడవాళ్లు నీళ్లు తాగరు. పొద్దున బండెక్కే ముందు ఒక గ్లాసు, మళ్లీ ఇంటికి వచ్చాకే. దాహమైనా పెదాలు తడుపుకుని ఊరుకుంటారు, ఎందుకంటే తాగితే పోయే చోటు లేదు. పగలు మగవాళ్ల కంట పడకుండా పోవడానికి చాటు దొరకదు. రాత్రి చీకట్లో, లైటు లేని చోట, గడియ లేని తలుపు వెనక కూర్చోవాలంటే భయం. మా అత్తమ్మ, మా చిన్నమ్మ, గట్టు మీద పక్క గుడారంలో పరిచయమైన నాంపల్లి వైపు ఆడవాళ్లు, అందరి మాటా ఒకటే: “ఆపుకుంటం బిడ్డా, ఏం జేస్తం.” నీళ్లు తాగకపోవడం, గంటల తరబడి మూత్రం ఆపుకోవడం, ఈ రెండూ కలిస్తే మూత్రంలో ఇన్ఫెక్షన్ రావడానికి అనువుగా ఉంటుంది. వారం తిరిగేసరికి మంట, పొత్తికడుపులో నొప్పి, చలిజ్వరం. ఊర్లో ఆర్‌ఎంపీ దగ్గరికి పోతే ఒక సూది, మూడు రోజుల గోలీలు. రెండో రోజుకు కొంచెం నెమ్మదించగానే మిగతావి డబ్బాలో పడేస్తారు. మళ్లీ నెలకు తిరగబెడుతుంది, ఈసారి ఇంకా పెద్ద మందు. అప్పుడు గానీ శాంపిల్ మా దగ్గరికి రాదు. అప్పటికే ప్లేటు మీద వరసగా ఆర్‌లు. ఫలానా ఆమెకు ఆ క్రిమి జాతరలోనే అంటిందని ప్లేటు చూసి చెప్పలేం. కానీ గడియ ఉన్న తలుపు, బల్బు, బకెట్ నీళ్లు ఉన్న టాయిలెట్ ఒకటి ఉంటే ఈ వరస మొదలే కాకుండా ఆపవచ్చు. ఒక టాయిలెట్ తగ్గితే ఎన్ని యాంటీబయాటిక్‌లు పెరుగుతాయో ఏ ఎస్టిమేట్‌లోనూ రాయరు.

విపత్తు శిబిరాల కోసం ప్రపంచమంతా పాటించే స్ఫియర్ ప్రమాణాల్లో మొదట్లో 50 మందికి ఒక టాయిలెట్, వీలైనంత తొందరగా 20 మందికి ఒకటి ఉండాలని ఉంది. ఆడవాళ్లకు మూడు కడితే మగవాళ్లకు ఒకటి అన్న నిష్పత్తి కూడా అందులోనే ఉంది. ఈ రెండో లెక్కను మన జాతరలకు తెచ్చుకోవడానికి అదనంగా ఒక్క రూపాయి అక్కర్లేదు. కట్టే వాటిలోనే ఆడవాళ్ల వాటా పెంచాలి, వాటిని దీపాలున్న చోట, పోలీసు ఔట్‌పోస్టుకు దగ్గర్లో పెట్టాలి. కమిటీలో ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లను కూర్చోబెడితే వాళ్లే చోటు చూపిస్తారు.

తాగే నీళ్ల విషయంలో మనకు సగం పని అయ్యే ఉంది, మిషన్ భగీరథ లైన్లు ఉన్నాయి. లైను లేని చోటికి ట్యాంకర్లు వస్తాయి, ఆ ట్యాంకర్ ఎక్కడ నింపుకొచ్చిందో మాత్రం ఎవరూ అడగరు. మందుకు లొంగని క్రిమి కూడా క్లోరిన్‌కు లొంగుతుంది. ఇన్ని భయాల మధ్య ఇది మంచి వార్త. కుళాయి దగ్గర లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలని మన దేశ తాగునీటి ప్రమాణం చెబుతోంది. పరీక్షకు ఐదు నిమిషాలు చాలు. చిన్న గొట్టంలో నీళ్లు పోసి, చుక్కలు వేసి, రంగు చూడాలి. ప్రతి ట్యాంకర్‌కూ, ప్రతి సింటెక్స్ ట్యాంకుకూ రెండు గంటలకోసారి ఆ పరీక్ష చేసి, అక్కడే పలక మీద టైమూ అంకే రాయించండి. జనం చూస్తుంటే రాసేవాడు మరిచిపోడు.

తీర్థం గురించి పూజారులతో మాట్లాడాల్సింది దేవాదాయ శాఖవాళ్లే. చెర్వుగట్టు జడల రామలింగేశ్వరుడి దగ్గర అమావాస్య రాత్రి నిద్ర చేసే వేల మంది, నల్లమలలో సలేశ్వరం లోయ దిగి గుండంలో మునిగి ఆ నీళ్లే తాగి సీసాల్లో పట్టుకుపోయే వాళ్లు, కురుమూర్తి కొండకు ఉద్దాల ఉత్సవం నాడు వచ్చేవాళ్లు, వీళ్లందరి నమ్మకం పెద్దది. దాన్ని ఎవరూ ముట్టుకోనక్కర్లేదు. చేతిలో పోసే తీర్థానికి మరగబెట్టి చల్లార్చిన నీళ్లు వాడితే దేవుడి మహిమ ఏమీ తగ్గదు. సలేశ్వరంలో గుండం నీళ్లు తాగవద్దని బోర్డు పెట్టినంత మాత్రాన ఎవరూ ఆగరు. ఆ దారి వెంట నాలుగు చోట్ల మంచి నీళ్లు దొరికేటట్టు చేస్తే కడుపు నింపుకునేంత తాగరు, తీర్థంగా నెత్తిన చల్లుకుంటారు. ఆ లోయలో ఏది ఎక్కడ పెడితే అడవికి, నీటికి చెరుపు జరగదో చెంచు పూజారులకు తెలిసినంత అటవీ శాఖకు కూడా తెలియదని నా నమ్మకం. వాళ్లను అడిగే చేయండి.

ఇక మెడికల్ క్యాంపులు. ఒక జాతరలో మా బంధువుల పిల్లాడికి విరేచనాలు పట్టుకుంటే క్యాంపుకు తీసుకుపోయాం. అక్కడ కూర్చున్నాయన పిల్లాడి కడుపు కూడా ముట్టుకోలేదు. స్ట్రిప్పును కత్తెరతో కోసి నాలుగు గోలీలు చేతిలో పెట్టాడు. మందు పేరున్న ముక్క క్యాంపులోనే ఉండిపోయింది. డాక్టర్ చీటీ లేకుండా వాడొద్దని చెప్పే వెనక ఎర్ర గీత సగం తెగి కనబడుతోంది. ఓఆర్‌ఎస్ అడిగితే అయిపోయిందన్నాడు. నీళ్ల విరేచనాలు చాలావరకు యాంటీబయాటిక్ లేకుండానే తగ్గుతాయి. కావాల్సింది ఓఆర్‌ఎస్, పిల్లలకు జింక్ గోలీలు. రక్తం పడితేనో, జ్వరం తీవ్రంగా ఉంటేనో, కలరా అనుమానం ఉంటేనో డాక్టర్ చూసి మందు నిర్ణయించాలి. ఊరికే మింగిన యాంటీబయాటిక్ పేగుల్లోని మంచి బ్యాక్టీరియాను చంపి, మొండి బ్యాక్టీరియాకు చోటు ఖాళీ చేసి ఇస్తుంది. అంటే జాతరలో కొత్త క్రిమి కడుపులోకి వచ్చే రోజునే దానికి లోపల అడ్డు లేకుండా మనమే చేస్తున్నాం. షెడ్యూల్ హెచ్1 నిబంధన 2014 నుంచి అమల్లో ఉంది. సెఫిక్సిమ్, సెఫ్ట్రియాక్సోన్ లాంటివి అమ్మితే మందుల షాపువాళ్లు రోగి పేరు, రాసిన డాక్టర్ పేరు రిజిస్టర్లో ఎక్కించి మూడేండ్లు దాచాలి. మందుల షాపుకు ఉన్న పద్ధతి ఉచిత క్యాంపుకు ఎందుకు ఉండకూడదు? క్యాంపు పెట్టే ప్రతి సంస్థకూ పర్మిషన్ ఇచ్చేటప్పుడే చెప్పండి: యాంటీబయాటిక్ ఇస్తే డాక్టర్ సంతకం, రిజిస్టర్లో పేరు, మందు పేరున్న స్ట్రిప్పు. ఓఆర్‌ఎస్ ప్యాకెట్ల స్టాకు చూపించనిదే టెంటు వేయనివ్వకండి.

ఆర్‌ఎంపీలను తిట్టడం నాకు ఇష్టం లేదు. అర్ధరాత్రి తలుపు తడితే లేచి వచ్చేది వాళ్లే. జాతరకు వారం ముందు మండలానికొక చోట వాళ్లను కూర్చోబెట్టి, ప్రభుత్వ మెడికల్ కాలేజీ మైక్రోబయాలజీ డాక్టర్ ఒకరు వచ్చి మన ప్రాంతంలో ఏ మందు పనిచేస్తోంది, ఏది పనిచేయడం లేదు అని ఒక్క పేజీలో తెలుగులో రాసి ఇస్తే, చాలామంది వింటారు. వాళ్లకూ పేషెంటు తగ్గాలనే ఉంటుంది.

పుష్కరాల దగ్గరికి వస్తే నాకు అన్నిటికంటే ఎక్కువ దిగులు వాడపల్లి గురించి. దామరచర్ల మండలంలో మూసీ వచ్చి కృష్ణలో కలిసే చోటు అది. సంగమ స్నానం పుణ్యమని అగస్త్యేశ్వరుడి గుడికి, నరసింహస్వామి గుడికి జనం వస్తారు. ఆ మూసీ ఏం మోసుకొస్తోందో మనందరికీ తెలుసు. హైదరాబాద్ మురుగు మాత్రమే కాదు. 2007లో స్వీడన్ శాస్త్రవేత్తలు పటాన్‌చెరు ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటికి వచ్చే నీళ్లను పరీక్షిస్తే లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ బయటపడింది. గోలీ మింగిన మనిషి రక్తంలో ఉండే మోతాదు కంటే అది ఎన్నో రెట్లు ఎక్కువ. తర్వాత ఆ కేంద్రం నీళ్లను పైపులైను వేసి అంబర్‌పేట వైపు మళ్లించారు. అక్కడి నుంచి వచ్చేది మూసీకే. 2016లో జర్మన్ పరిశోధకులు హైదరాబాద్ చుట్టుపక్కల 28 చోట్ల నీళ్లు తీసి చూస్తే అన్ని చోట్లా మందుల అవశేషాలు, దాదాపు అన్ని చోట్లా మొండి బ్యాక్టీరియా దొరికాయి. అక్కడి నుంచి కత్వాలు దాటి, భువనగిరి, నకిరేకల్ వైపు పొలాలు తడిపి, సోలిపేట ప్రాజెక్టులో ఆగి, వాడపల్లి చేరేసరికి వాటిలో ఎంత పోయింది, ఎంత మిగిలింది అన్నది నీళ్లు తీసి కొలిస్తేనే తెలుస్తుంది. 2028 దాకా ఆగకుండా ఇప్పటి నుంచే ప్రతి మూడు నెలలకూ కొలవండి. సంగమానికి ఎగువన మూసీలో ఒకటి, కృష్ణలో ఒకటి, కలిశాక స్నానాల రేవు దగ్గర ఒకటి, కింద మట్టపల్లి దగ్గర ఒకటి. స్నానాల నీళ్లలో ఫీకల్ కోలిఫాం, అంటే మలం కలిసిందని చూపే బ్యాక్టీరియా, 100 మిల్లీలీటర్లకు 500 మించకూడదని, ఎంతైనా 2,500 దాటరాదని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి హద్దు పెట్టింది. అది దాటితే ఆ రేవును పైకి, కృష్ణ నీళ్లే పారే వైపుకు జరపడానికి మీకు రెండేండ్ల టైము దొరుకుతుంది. పుష్కరాలు మొదలైన రోజు తెలిస్తే ఎవరూ ఏమీ చేయలేరు. 2025 కుంభమేళాలో అట్లాగే అయ్యింది. ప్రయాగ్‌రాజ్‌లో స్నానాల నీళ్లు హద్దు దాటాయని కాలుష్య మండలి హరిత ట్రిబ్యునల్‌కు చెప్పేనాటికి కోట్ల మంది మునిగి ఇంటికి కూడా పోయారు. ఆ తర్వాత జరిగిందంతా రాజకీయ వాదులాటే.

బీచుపల్లి, సోమశిల, నాగార్జునసాగర్ రేవుల నీళ్లు వాడపల్లి కంటే మెరుగ్గా ఉంటాయనే అనుకుంటున్నాను. అక్కడ కూడా పుష్కరాలకు ముందు, నడిమధ్యలో, తర్వాత మూడుసార్లు శాంపిళ్లు తీస్తే చాలు.

నీళ్లు తేటగా ఉన్నంత మాత్రాన మంచివి కావన్న మాట మన ఉమ్మడి నల్లగొండ జిల్లాలో ఎవరికీ చెప్పనక్కర్లేదు. ఫ్లోరైడ్ నీళ్లు తేటగానే ఉండేవి. వంగిపోయిన నడుములు చూశాకే మనకు తెలిసింది. ఆ నీళ్లను పటిక, సున్నంతో బాగుచేసే పద్ధతిని నాగ్‌పూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ ‘నీరి’ శాస్త్రవేత్తలు 1970ల్లో తయారు చేస్తే, దానికి ప్రపంచమంతా నల్లగొండ టెక్నిక్ అనే పేరు నిలిచిపోయింది. నీళ్లు పరీక్ష చేయమని ఊరూరా అడిగి, ఢిల్లీ దాకా పోయి కొట్లాడిన జిల్లా ఇది. మళ్లీ అడగడానికి మొహమాటం ఎందుకు?

ఇదంతా హిందూ జాతరల మీదే ఎందుకు అని ఎవరైనా అంటే, జాన్‌పహాడ్ ఉర్సుకు కూడా ఇదే వర్తిస్తుంది. అక్కడికి అన్ని మతాల వాళ్లమూ పోతాం. హజ్ యాత్రికుల మీద ఫ్రెంచి పరిశోధకులు 2013, 2014లో పరీక్షలు చేసి, కొలిస్టిన్‌ను కూడా పనిచేయనివ్వని జన్యువును కొందరు యాత్రలో కడుపులోకి తెచ్చుకున్నారని తేల్చారు. 2000 సంవత్సరంలో హజ్ నుంచి మెనింజైటిస్ (మెదడు పొరల వాపు) కొత్త రకం దేశదేశాలకు పోయింది. సౌదీ ప్రభుత్వం దాన్ని మతానికి అవమానంగా తీసుకోలేదు. నాలుగు రకాలకు పనిచేసే టీకా వేసుకుంటేనే వీసా అంది. మన హైదరాబాద్ నుంచి పోయేవాళ్లు కూడా ఆ టీకా వేసుకునే విమానం ఎక్కుతున్నారు. జనం ఎక్కడ గుమికూడినా క్రిమికి ఒకటే, దానికి గుడి, దర్గా, పెండ్లి హాలు తేడా లేదు. భక్తులను నిందించే మాట ఎవరి నోటా రావద్దు. దావఖానల మురుగు, ఫార్మా కంపెనీల వ్యర్థాలు, చీటీ లేకుండా అమ్మే మందులు, ఇవే మొండి క్రిములను పెంచాయి. జాతర వాటిని కలుపుతుంది, అంతే.

ఆలస్యం చేస్తే ఏమవుతుందో తెలియాలంటే పాకిస్తాన్ సింధ్‌లోని హైదరాబాద్‌ను చూడాలి. 2016లో అక్కడ మొదలైన టైఫాయిడ్‌కు సెఫ్ట్రియాక్సోన్ కూడా పనిచేయలేదు. నోటితో వేసుకునే మందుల్లో అజిత్రోమైసిన్ ఒక్కటి మిగిలింది. తాగునీళ్ల పైపుల్లో మురుగు కలవడమే కారణమని అక్కడి పరిశోధకులు అనుమానించారు. చివరికి లక్షల మంది పిల్లలకు టీకా వేయాల్సి వచ్చింది. ఆ టీకా మన హైదరాబాద్‌లో తయారైనదే. టీకా చేయగల ఊరు, పుష్కరాల్లో నీళ్లు పరీక్ష చేయలేదంటే ఎవరు నమ్ముతారు?

చేయడానికి మనుషులు కూడా ఉన్నారు. నల్లగొండ, సూర్యాపేట, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల, ఇన్ని చోట్ల ఇప్పుడు ప్రభుత్వ మెడికల్ కాలేజీలు ఉన్నాయి. ప్రతిదాంట్లో మైక్రోబయాలజీ విభాగం ఉంది, చదువుకుంటున్న పిల్లలు ఉన్నారు. బీబీనగర్‌లో ఎయిమ్స్ ఉంది. జన్యు పరీక్షలు కావాలంటే హైదరాబాద్‌లో పెద్ద సంస్థలకు కొదవ లేదు. ఇంతమందిని ఒక బల్ల దగ్గరికి పిలిచే అధికారం కలెక్టర్లకే ఉంది. ఫలితాలు వచ్చాక ఫైల్లో పెట్టకండి. మంచివైనా చెడ్డవైనా తెలుగులో, కలెక్టరేట్ గోడ మీద, గుడి మెట్ల దగ్గర అంటించండి. జనం భయపడి పారిపోతారని అనుకోవద్దు. కరోనాలో మాస్కు కట్టుకుని వచ్చి గుడి బయట నుంచే దండం పెట్టుకుని పోయిన జనం వీళ్లు. నిజం చెబితే అర్థం చేసుకుంటారు.

పెద్దగట్టు కమిటీ పెద్దలకు ప్రత్యేకంగా ఒక మనవి. ఏర్పాట్ల మొదటి మీటింగు ఎప్పుడు పెడుతున్నారో తెలియజేయండి, నేను వస్తాను. జాతరకు నెల ముందు గట్టు చుట్టూ ఉన్న బావులు, కుంటలు, కాలువ నీళ్ల మొదటి శాంపిళ్లు తీయడానికి రోజు ఖాయం చేస్తే మా తోటి టెక్నీషియన్లు కూడా సెలవు పెట్టి వస్తామన్నారు. స్టెరైల్ సీసాలు, ఐస్ బాక్స్ మేమే తెచ్చుకుంటాం. ఏ బావి నీళ్లు వంటకు వాడతారో, ఏ కుంటలో యాటలను కడుగుతారో చూపించడానికి ఊరి మనిషి ఒకరు మాతో ఉంటే చాలు.

ఇట్లు,
మీ ఒక ల్యాబ్ టెక్నీషియన్,
సూర్యాపేట జిల్లా